మునక

“కాస్త జరుగుతారా? పాప దిగాలి.”

ఈతకొలను మెట్ల మీద కూర్చున్న పెద్దావిడ ఉలిక్కిపడి జానెడు జరిగింది. పట్టుకున్న ఇనుప కడ్డీని మాత్రం వదల్లేదు.

తల్లికి చిర్రెత్తుకొచ్చింది. రోజూ ఇదే తంతు. ఈదదు, ఈదేవాళ్ళకి దారి ఇవ్వదు. మోకాళ్ళ దాకా కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని, మెట్లన్నీ తనవే అన్నట్టు కూర్చుంటుంది.

సెలవులు చూస్తే ముంచుకొస్తున్నాయి.

కిందటి సెలవుల్లో అందరూ కలిసి సముద్రానికి వెళ్ళారు. పెద్దనాన్న పిల్లలు అలల్లో కేరింతలు కొడుతుంటే, తన కూతురు పిచ్చుక ఒక్కతే తువ్వాలు కప్పుకుని ఒడ్డున కూర్చుంది. ఇంట్లో నోరు మూతపడదని ఆ ముద్దుపేరు పెట్టారు. ఆ రోజు ఆ నోరు పెగల్లేదు.

“ఇసక పిల్లా, ఇసక పిల్లా,” అని వాళ్ళు ఏడిపించారు.

తిరుగుదారిలో పిచ్చుక కిటికీ వైపు తిరిగి ఏడవడం తల్లి ఒక్కతే చూసింది.

అప్పుడే అనుకుంది. వచ్చే సెలవులకి నా కూతురు నీళ్ళలో ఉండాలి.

అందుకే మందుల షాపులో డ్యూటీ దిగగానే కొలను దగ్గరికి పరుగు. చంకలో బుడ్డోడు, వాడి నోట్లో బిస్కెట్టు, భుజాన సంచి, వెనకాల కాళ్ళీడ్చుకుంటూ పిచ్చుక.

ఇంట్లో బకెట్టు ముందు కూర్చోబెట్టి కూతురి చేత నీళ్ళలో బుడగలు ఊదించేది. పిచ్చుక చెవుల దాకా ముంచి మరీ ఊదేది.

“బకెట్లో మన పిల్లని కొట్టేవాళ్ళు లేరు,” అన్నాడు తండ్రి.

“అయితే సముద్రాన్ని బకెట్లో పట్టుకురా,” అంది తల్లి.

కొలను దగ్గర మాత్రం పిచ్చుక మొదటి మెట్టు మీదే శిలైపోయేది.

“బలవంతం చేస్తే భయం ముదురుతుందమ్మా,” అన్నాడు కోచ్.

“సెలవులు నా కోసం ఆగవు కదండీ.”

ఓ సాయంత్రం బుడ్డోడికి నిక్కరు మార్చి వచ్చేసరికి, పిచ్చుకా పెద్దావిడా మెట్ల మీద గుసగుసలాడుకుంటున్నారు.

“మామ్మా, నువ్వు మునుగుతావా?”

పెద్దావిడ నీళ్ళకేసి చూసింది.

“నేను మునిగితే నువ్వూ మునుగుతావా?”

“ముందు నువ్వు.”

“రేపు చూద్దాంలే.”

“రేపంటే రేపే. పందెం.”

తల్లికి ఒళ్ళు మండింది.

“చిన్నపిల్లతో పందేలెందుకండీ? మీరిలా రేపూ ఎల్లుండీ అంటే అది ఇంక దిగినట్టే. మీకు కాలక్షేపం కావాలంటే, అదుగో, ఆ బెంచీ మీద కూర్చోండి.”

పెద్దావిడ మొహం చిన్నబోయింది.

“అలాగేనమ్మా,” అని లేచి వెళ్ళిపోయింది.

మర్నాడే సెలవులకి ముందు ఆఖరి క్లాసు.

“ఇవాళ మునిగాకే ఇంటికి,” అంది తల్లి.

“మామ్మ రానీ.”

“ఆవిడ రాదు.”

వచ్చింది. బెంచీ వైపు తలైనా తిప్పకుండా నేరుగా మెట్లు దిగింది. పెదాలు ఏదో గొణుక్కుంటున్నాయి. తల్లి కళ్ళలోకి చూడలేదు.

“పిల్లకి మాటిచ్చానమ్మా,” అంది అంతే.

కడ్డీ వదిలింది. పిచ్చుక చెయ్యి పట్టుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుని, ఒక్కసారిగా మునిగింది.

లేచిన తీరు చూడాలి. దగ్గు, తుమ్ము, మొహమంతా అంటుకుపోయిన జుట్టు, గాల్లో తడుముకుంటున్న చెయ్యి. పిచ్చుక పొట్ట పట్టుకుని నవ్వింది.

“నీకు రాదు మామ్మా. ముక్కుతో గాలి వదలాలి. ఇలా.”

అని చెప్పి మునిగింది.

పైకి లేచి, తనేం చేసిందో తనకే తెలియనట్టు తల్లి వైపు చూసింది. ఆ తర్వాత పిచ్చుకని ఆపడం ఎవరి తరమూ కాలేదు. కోచ్ చప్పట్లు కొట్టాడు. తల్లి కళ్ళు తుడుచుకుంటూ ఫోన్లో ఫోటోలు తీసింది.

తలెత్తి చూస్తే, పెద్దావిడ గోడ పక్కన తువ్వాలు చుట్టుకుని నిలబడి ఉంది. చలికి కాబోలు, వణుకుతోంది. వెళ్ళి ఓ మాట చెబుదామనుకునేంతలో బుడ్డోడు నీళ్ళ అంచుకి పరుగు తీశాడు. వాణ్ణి పట్టుకుని వెనక్కి తిరిగేసరికి ఆవిడ లేదు.

సముద్రంలో ఆ ఏడు మొదట దిగింది పిచ్చుకే. ఇసక పిల్ల అన్న మాట మళ్ళీ ఎవరి నోటా రాలేదు.

“పిల్లని నవ్వించడానికి ఆ మామ్మ ఎంత బాగా నటించిందో,” అంది తల్లి భర్తతో. “ఈతలో పండిపోయినవాళ్ళకే అది కుదురుతుంది. నేనే, నోరు జారాను.”

సెలవులయ్యాక ఓ మెత్తటి కొత్త తువ్వాలు కొని, పిచ్చుకని వెంటబెట్టుకుని కొలను దగ్గరికి వెళ్ళింది.

మెట్ల మీద ఎవరూ లేరు.

“ఆవిడ ఊరు మారిపోయారమ్మా. చెల్లెలి దగ్గరికి,” అన్నాడు కోచ్. “ఎక్కడికో మాకూ చెప్పలేదు.”

తల్లి తువ్వాలు పొట్లాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

“ఆవిడ కూడా ఒకప్పుడు మీలాగే ఈత నేర్పేవారా?”

కోచ్ ఆమె మొహంలోకి వింతగా చూశాడు.

“నేర్పడమా? నా దగ్గర నేర్చుకోవడానికి చేరారు. చిన్నప్పుడు ఏట్లో కొట్టుకుపోతుంటే ఎవరో జుట్టు పట్టి లాగారట. ఆ కడ్డీ ఒక్కసారి వదలండమ్మా అని ఏడాది పాటు బతిమాలాను.”

“మరి ఆ రోజు?”

“ఏట్లోంచి బయటపడ్డాక,” అన్నాడు కోచ్, “ఆవిడ నీళ్ళలో తల ముంచింది మీ పాప పక్కన, ఆ ఒక్కసారే.”