ప్రయాణపు కీర్తన

రిబ్బను జరిగింది.

పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూసింది. అనుమానం లేదు. నిన్న సాయంత్రం ప్రార్థనలో కొడుకు బైబిలు చదివి ఆపిన చోట ఉండాల్సిన ఎర్ర రిబ్బను, ప్రయాణపు కీర్తన దగ్గరికి వచ్చి కూర్చుంది.

ఆ ఇంట్లో ఎవరు ఊరెళ్ళాలన్నా ముందురోజు ఆ కీర్తన చదవాల్సిందే. ఆవిడ అత్తగారి నాటి నుంచీ వస్తున్న పద్ధతి. చదవకుండా గడప దాటినవాళ్ళు లేరు. మరి రేపు ప్రయాణం ఎవరికి? కొడుక్కి లేదు. తనకి అసలే లేదు.

కోడలికి దాచడం చేతకాదు. చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతూ కూడా దేవుడికి చెప్పుకునే వెళ్ళే రకం. మధ్యాహ్నం పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని గుసగుసగా చదివి ఉంటుంది. చదివి, అలవాటుకొద్దీ రిబ్బను అక్కడే వేసేసింది. పిచ్చి మాలోకం.

కోడలి గదిలోకి వెళ్ళి మంచం కిందికి వంగి చూసింది. అనుకున్నట్టే ఉంది నీలం సంచి. నిండా పిల్ల గౌన్లు, బడి పుస్తకాలు.

పెద్దావిడ సంచిని ఇంకాస్త లోపలికి తోసింది. వచ్చి రిబ్బన్ని పాత చోటికి జరిపి, పుస్తకం మూసింది. కొడుకు చూస్తే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. ఈ సంగతి అతనిదాకా పోకూడదు. తనే చక్కబెట్టాలి.

వంటింట్లో పొయ్యి మీద కోడి సూపు ఉడుకుతోంది. కోడలు ఉడికించిన గుడ్లు గిన్నెలోంచి తీస్తోంది.

"ఇన్ని గుడ్లెందుకే?"

"రేపు పొద్దున్నకి అత్తయ్యా. పని తగ్గుతుందని..."

తలెత్తలేదు కోడలు. ఇంత ఉక్కలోనూ నిండు చేతుల జాకెట్టే. పెదవి చివర గాయం ఇంకా పచ్చిగానే ఉంది. బాత్రూంలో జారిపడిందట. ఈ ఏడాదిలో ఆ బాత్రూం ఆమెను చాలాసార్లే పడేసింది. చూసుకుని నడవాలమ్మా అని చర్చిలో అందరూ బుద్ధి చెప్పారు. పెద్దావిడ కూడా చెప్పింది.

అంతలో మనవరాలు పరిగెత్తుకొచ్చింది. దాన్ని ఇంట్లో చిలక అంటారు. నోట్లో నువ్వుగింజ నానదు.

"నానమ్మా, రేపు బస్సులో కిటికీ పక్క సీటు నాదే, తెలుసా?"

కోడలి చేతిలోని గుడ్డు జారి నేల మీద చితికింది.

"ఏ బస్సే?"

"బడి బస్సు అత్తయ్యా," కోడలు గబుక్కున అందుకుంది. మొహం సున్నం కొట్టినట్టయింది.

రేపు ఆదివారమని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

"సరే, నువ్వెళ్ళి దానికి జడ వెయ్యి. సూపు నేను చూస్తాను."

"మీకెందుకు అత్తయ్యా శ్రమ?"

"వెళ్ళమన్నానా!"

వెళ్ళింది. గుమ్మం దగ్గర ఆగి, భయంభయంగా ఒకసారి వెనక్కి చూసింది.

పెద్దావిడ కూడా ఒకప్పుడు ఇలాగే సంచి సర్దింది. చంకలో ఈ కొడుకే, పాలు తాగే పిల్లాడు. అప్పుడు ఆవిడ అత్తగారు కనిపెట్టి, వీధి తలుపుకి తాళం వేసి, చెవి బొడ్లో దోపుకుంది. ఆవిడ ఆగిపోయింది. ఆగబట్టే సంసారం నిలబడిందని నలుగురూ మెచ్చుకున్నారు. ఆ తాళంచెవి ఇప్పుడు ఈవిడ బొడ్లో ఉంది.

రేపు వెళ్ళారంటే చిలక మళ్ళీ ఈ గుమ్మం తొక్కదు. నానమ్మా అని పిలిచే గొంతు ఉండదు ఈ ఇంట్లో.

అలమారలోంచి తన నిద్రమాత్రల సీసా తీసింది. రెండు వేసుకుంటే పక్కన పిడుగు పడ్డా మెలకువ రాదని డాక్టరు హెచ్చరించాడు. రెండు తీసింది. ఒకటి వెనక్కి వేసింది. కాసేపాగి మళ్ళీ తీసింది. చిన్న రోట్లో మిరియాలతో కలిపి మెత్తగా నూరింది. నూరుతున్నంతసేపూ ఏదో కీర్తన నోట్లోనే వల్లించుకుంది. కీర్తనలన్నీ ఆవిడకి కంఠతా వచ్చు.

ఈ రాత్రి ఈ ఇంట్లో ఒకరు ఒళ్ళు తెలియకుండా నిద్రపోవాలి. అంతే. బస్సు సంగతి తెల్లారేసరికి అదే తేలిపోతుంది.

కొడుకు వచ్చాడు. గోడౌన్లో సూపర్వైజరు. చర్చిలో పాట ఎత్తుకునేది అతనే. ఆ గొంతు వింటే రాయైనా కరుగుతుందంటారు. బూట్ల చప్పుడు వినగానే చిలక నోరు మూసుకుంది.

వంటింట్లో భోజనాల బల్ల దగ్గర కూర్చుని పుస్తకం తెరిచాడు. కోడలు ఊపిరి బిగబట్టింది. ఇప్పుడు గుర్తొచ్చినట్టుంది పిచ్చిదానికి.

"రిబ్బను నలిగిందేంటి? ఎవరు ముట్టుకున్నారు?"

"నేనేరా. దుమ్ము దులిపాను," అంది పెద్దావిడ.

అతను చదివాడు. తర్వాత అందరూ కళ్ళు మూసుకున్నారు. అతను ఒక చెయ్యి చిలక తల మీద పెట్టాడు. పిల్ల కొయ్యబొమ్మలా బిగుసుకుపోయింది.

"తండ్రీ, ఈ కుటుంబంలో ఎవరూ విడిపోకుండా కాపాడు..."

పెద్దావిడ పొయ్యి దగ్గరే నిలబడి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ప్రార్థనలో కళ్ళు తెరిచింది. నాలుగు గిన్నెల్లో సూపు పోసింది. ఒకదాంట్లో మిరియాల పొడి కలిపింది. గరిటె ఒకసారి ఆపి, మళ్ళీ తిప్పింది. ఎంతైనా కన్నకడుపు.

"ఆమేన్."

కోడలు కళ్ళు తెరిచేసరికి అత్త చేతిలో గరిటె ఇంకా తిరుగుతూనే ఉంది. గట్టు మీద నిద్రమాత్రల సీసా, మూత లేకుండా. కోడలు పిల్లని దగ్గరికి లాక్కుంది.

"చల్లారకముందే తాగెయ్యి," అంటూ పెద్దావిడ ఆ గిన్నెను జాగ్రత్తగా తెచ్చి కొడుకు ముందు పెట్టింది.