పారమీద గుడ్డు

“ఛీ ఛీ! బొగ్గు తోసిన పారమీదే గుడ్లు వేయిస్తావా?” ఇంజను పక్కన నిలబడి గ్లెనిస్ ముక్కు మూసుకుంది.

“మరిగే నీళ్లతో కడిగానమ్మా. ఇంజను తోలినవాళ్లకి మా దగ్గర ఇదే టిఫిను,” అన్నాడు బొగ్గు వేసే ఇడ్రిస్. బొటనవేలితో పారంతా కొవ్వు పూశాడు. గోటి కింద నలుపు కూడా అందులోనే కలిసింది. పంది మాంసం ముక్కలు పరిచి, పక్కనే గుడ్లు కొట్టి, పారను ఇంజను పొయ్యి మంటలోకి తోశాడు.

పాత ఆవిరి రైలింజనును సందర్శకులూ ఒక పూట నడపొచ్చని విని, భర్త ఎడ్విన్ మనసు తేలికపడుతుందని టిక్కెట్టు కొన్నది గ్లెనిసే. తన తమ్ముడు పోయినప్పటి నుంచి ఎడ్విన్ ఏ పూటా పళ్లెం ఖాళీ చెయ్యలేదు. ఎంత శుభ్రంగా వండిపెట్టినా రెండు చెంచాలకే లేచిపోయేవాడు.

ఇప్పుడు పార బయటికి రాగానే ఎడ్విన్ చేతులకున్న నూనె మసి కూడా తుడుచుకోకుండా, గుడ్డును రొట్టెముక్కతో పారమీంచి ఎత్తి నోట్లో కుక్కుకున్నాడు. పచ్చసొన గడ్డం మీదికి కారింది.

“తుడుచుకో, ఎడ్విన్! చూడలేకపోతున్నా.”

అతను నల్లటి వేళ్లు నాకాడు. “ఇంకోటి వెయ్యి, ఇడ్రిస్.”

ఆ నోట ‘ఇంకోటి’ అన్న మాట విని ఎన్నాళ్లయిందో! రుమాలు అందించబోయిన గ్లెనిస్ ఆగిపోయింది.

“మీకూ ఒకటి వెయ్యనా అమ్మా?”

“చచ్చినా వద్దు!” ఆమె మొహం తిప్పుకుంది. ఓరగా ఎడ్విన్ వైపు చూసి, గొంతు తగ్గించి అడిగింది. “ఇలాంటి పార ఎక్కడ దొరుకుతుంది బాబూ?”