మూడు కాగితాల వీరుడు

“దీన్ని చెక్కిందెవరండీ?” అని అడిగింది ఒటోసె.

“చచ్చిందా? ఇంకెవరమ్మా, వీరకూలీ టొకుజి. పేరు పైనే ఉందిగా,” అన్నాడు మగోజో.

నిహొంబాషిలో, చెక్క మీద చెక్కి కాగితం మీద అచ్చువేసే అతని బొమ్మల దుకాణం ముందు అంత గోల మరి. చైనాతో యుద్ధం మొదలైనప్పటి నుంచీ అక్కడ తెగేవి తలలు, ఇక్కడ తెగ అమ్ముడయ్యేవి బొమ్మలు. మూడు కాగితాలు పక్కపక్కన పేర్చిన ఈ బొమ్మకైతే మరీ గిరాకీ. సైన్యానికి బియ్యం మూటలు మోసే కూలీ ఒకడు, గాయపడ్డ కెప్టెన్‌ను వీపున మోసుకొస్తూ మంచులో ఒరిగిపోతున్నాడు.

“చచ్చింది కాదండీ, చెక్కింది. చచ్చిందెవరో నాకు తెలుసు. మా ఆయనే.”

గోల ఆగిపోయింది. మగోజో నాలిక కరుచుకుని నడుం దాకా వంగాడు. వెనక నిలబడ్డ, టోఫూ అమ్మే ముసలమ్మ, “నీ చెవుల్ని కూడా యుద్ధానికి పంపేశావేంట్రా?” అంది.

ఒటోసె తలకు గుడ్డ చుట్టుకుని ఉంది. కూలీలు సైన్యం లెక్కలోకి రారు. పోతే కబురు రాదు, అస్థికలూ రావు. వీధివాళ్లు ఈ బొమ్మ తెచ్చి చూపించాకే ఆమెకు తెలిసింది. ఖాళీ సమాధిలో తన జుట్టు కత్తిరించి పెట్టింది. దువ్వెనకు ఏనాడూ లొంగని జుట్టు. చెవి పక్కన ఒక పాయ ఎప్పుడూ ఎదురు తిరిగేది. టొకుజిదీ బొమ్మలు చెక్కే పనే, నది అవతల వేరే దుకాణంలో. తాను చెక్కే ప్రతి ముఖానికీ చెవి పక్కన ఒక్క వెంట్రుక ఎదురు తిప్పి, “ఇది నీ వాటా” అని నవ్వేవాడు. ఉలి దించి మూట ఎత్తుకుంటానన్న రోజు మాత్రం నవ్వలేదు.

“చెక్కినాయనకు దండం పెట్టుకుందామని వచ్చాను. ముఖం అచ్చం ఆయనదే.”

“అచ్చు వేస్తే అచ్చంగానే ఉండాలి కదమ్మా. హన్జి అని, యోకొహామా మనిషి. వెంట్రుకవాసి తేడా రానివ్వడు. ఈ దొరసాని బొమ్మ కూడా అతని పనే.” పక్కనే వేలాడుతున్న గుర్రమెక్కిన దొరసానిని చూపించాడు మగోజో. “చెక్కలు రైల్లో పంపిస్తాడు. మనిషిని నేనూ చూడలేదు. కొత్త కాపురమట, ఊరు కదలడు.”

ఒటోసె గొంతు తగ్గించింది. “ఇదంతా మీ చిత్రకారుడి కల్పనేమోనని... ఆయన ఎక్కడో బతికే ఉన్నాడేమోనని చిన్న ఆశ. యుద్ధం చూసి వేశాడా?”

“వాడా? వాడు సముద్రమే సరిగ్గా చూడలేదు. కానీ ఇది కల్పన కాదమ్మా. టొకుజి తన ప్రాణస్నేహితుడని హన్జీయే వాడికి చెప్పాడట. చెబుతూ ఏడ్చాడట కూడా.”

“ఉంటే అలాంటి స్నేహితుడుండాలి,” అంది ముసలమ్మ, ముక్కు చీదుకుంటూ.

ఒటోసె బొమ్మ మీదికి వంగింది. ఆమె వేలు వీరుడి నుదుటి మీదుగా జారి, చెవి పక్కన ఎదురు తిరిగిన వెంట్రుక మీద ఆగింది. తర్వాత దొరసాని చెవి పక్కన అలాంటిదే మరో వెంట్రుక దాకా వెళ్లింది. మళ్లీ వీరుడి దగ్గరకే వచ్చింది.

“నీ దండం అందజేస్తాలే,” అన్నాడు మగోజో మెత్తగా. “ఇంకేమైనా చెప్పమంటావా హన్జికి?”

ఆమె తలగుడ్డ విప్పి చేతిలోకి తీసుకుంది.

“తన చావును తనే చాలా బాగా చెక్కుకున్నాడని చెప్పండి.”