మంచం కింద ప్రెసిడెంటు

నేను చెప్పే కథలో ఒక్క ముక్క కల్పితం దొరికినా, దొరికించినవాడి చేత నా సగం మీసం గొరిగించుకుంటాను. ఇక వినండి.

మేడమీది పోర్షన్ ముందు నిలబడి, ఇంటాయన చొక్కా జేబులోంచి మారు తాళంచెవి తీశాడు. అటూ ఇటూ చూశాడు. చూడడూ మరి! వీధిలోని ఇంటి ఓనర్ల సంఘానికి ప్రెసిడెంటు ఆయన. "అద్దెకిచ్చాక చెప్పాపెట్టకుండా లోపలికి అడుగుపెట్టేవాణ్ణి ఓనరనరు, దొంగంటారు!" అని మొన్న మీటింగులో బల్ల గుద్ది మరీ చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇప్పుడు పట్టుబడితే అవే చేతులు వేలెత్తి చూపిస్తాయి.

కానీ మనసు ఊరుకుంటేనా? కొత్తగా రంగు వేయించిన గోడలకి అద్దెవాడు మేకులు కొడుతున్నాడేమోనని బెంగ. కన్నకొడుకు నెత్తిన మొట్టికాయ వేసినా సహిస్తాడు గాని, గోడకి మేకు కొడితే సహించడు.

చెప్పులు మెట్ల దగ్గరే వదిలి, తలుపు తీసి, పిల్లిలా దూరాడు. వెనకాల తలుపుకి దానంతటదే తాళం పడింది. ముందు గది గోడ తడిమాడు. మేకు లేదు. పడకగది గోడ తడిమాడు. అక్కడా లేదు. "అబ్బే, మంచివాడే పాపం" అనుకుంటుండగా, గుమ్మంలో తాళం తిరిగింది.

అద్దెవాడు మామూలు మనిషైతే ఇంటాయన ఏదో ఒకటి బొంకేవాడు. కానీ ఈ అద్దెవాడు జైలు వార్డరు. మెడ అనేదే లేదు, తల సరాసరి భుజాలమీద మొలిచినట్టుంటుంది. ఇంటాయనకి పై ప్రాణాలు పైనే పోయాయి. దుప్పటి అంచు నేలదాకా వేలాడుతున్న మంచం కనబడింది. అంతే, దాని కిందికి పాకాడు. లోపల చీకటి, పాత ట్రంకు పెట్టె, దుమ్ము. తుమ్ము రాబోతే ముక్కు పట్టుకున్నాడు.

టక్... టక్... వార్డరు లాఠీ నేలకి ఆనిస్తూ నడుస్తున్నాడు.

"ఆఁ, బావా!" ఫోనులో అంటున్నాడు. "నేను చెప్పలా? నేను లేనప్పుడు ఎవరో లోపలికొస్తున్నారని! ఇవాళ గుమ్మం లోపల సన్నగా పౌడరు జల్లి పోయా. పడ్డాయి చూడు, అడుగులు!"

ఇంటాయన తన అరికాళ్ళు తడిమి చూసుకున్నాడు. మెత్తగా, సువాసనగా అంటుకుంది.

"పోలీసులెందుకు, దండగ. నా చేతికి దొరకనీ, వీధి మధ్యలో నిలబెట్టి అందర్నీ పిలుస్తా. అసలు ముందు మన ప్రెసిడెంటు గారినే పిలుస్తా. ఇలాంటివి చూస్తే ఆయన అస్సలు ఊరుకోరు."

ప్రెసిడెంటు గారు మంచం కింద దేవుళ్ళందరికీ పేరుపేరునా మొక్కేసుకుంటున్నారు.

టక్... టక్... చప్పుడు పడకగది గుమ్మం దగ్గర ఆగింది.

"ఆగాగు బావా." వార్డరు గొంతు తగ్గింది. "ఒకళ్ళు కాదు. పెద్ద పాదం ఒకటి, చిన్న పాదం ఒకటి. రెండూ లోపలికొచ్చాయి గాని, బయటికి పోలేదు."

ఇంటాయన లెక్క వేసుకున్నాడు. పెద్ద పాదం తనది. మరి చిన్నది? తను ఒంటరిగా వచ్చాడు. అంటే, ఈ ఇంట్లో ఇంకెవరో ఉన్నారు. ఎక్కడ?

ట్రంకు పెట్టె వెనకనుంచి ఒక చెయ్యి పాకుతూ వచ్చింది. చల్లగా ఆయన నోరు మూసింది.

"కదలకండి," చెవి దగ్గర భార్య గొంతు గుసగుసలాడింది. "నేనూ ఇంకో మారు తాళంచెవి చేయించుకుని మేకులు చూడ్డానికే వచ్చాను. ఇందాక మీరొస్తే వార్డరే అనుకుని ఇక్కడ దూరాను."

అన్నట్టు, ఆ లాఠీ నేను కల్పించింది. వార్డరు చేతిలో ఉన్నది గొడుగు. గొడుగంటే మీరు భయపడరని!