కాదన్న కాగితం

“కుదరదని రాసివ్వండి బాబూ. నేనడిగేది అంతే!”

కిటికీ లోపలి కోర్టు గుమాస్తా కళ్లజోడు పైకి తోసుకున్నాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఔనని రాసిమ్మని కాళ్లావేళ్లా పడ్డవాళ్లనే చూశాడు గాని, కాదని రాసిమ్మని బతిమాలే మనిషిని చూడటం ఇదే మొదలు.

“మీ ఆయన్ని చూపించమనే కదమ్మా అర్జీ పెట్టావు? ఇప్పుడు కుదరదనమంటావేంటి?”

“చల్లకొచ్చి ముంత దాచడమెందుకు బాబూ! దేశాలన్నిటికీ కలిపి ఒక కమిటీ ఉందట. దానికి రాసుకోవాలి.”

పక్కనే నిలబడ్డ కూతురు అందుకుంది. తొమ్మిదో తరగతి పిల్ల. లాయరమ్మ చెప్పిందంతా పాఠంలా ఒప్పజెప్పగలదు.

“నోరు విప్పినందుకు ఎవర్నీ లోపలేయకూడదని దేశాలు ఒప్పందం రాసుకున్నాయి సార్. మన దేశమూ సంతకం పెట్టింది. మాట తప్పితే ఆ కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. కాకపోతే ముందు ఇక్కడున్న గుమ్మాలన్నీ ఎక్కి దిగాలి. చిన్న కోర్టు కాదన్న కాగితం ఉంది. మీ పెద్ద కోర్టుదొక్కటే తక్కువ.”

“వాళ్లు మాత్రం ఏం చేస్తారు? ఉత్తరం రాస్తారు.”

“రాయనివ్వండి,” అంది తల్లి. “బయటివాళ్లు అడుగుతున్నారని తెలిస్తే, లోపలున్న మనిషి మీద చెయ్యెత్తడానికి జంకుతారట. ఇక్కడ ఏళ్ల తరబడి నాన్చితే కాగితం లేకపోయినా ఆ కమిటీవాళ్లు వింటారట గాని, అన్నేళ్లు ఆయన ఉండొద్దూ?”

ఆయన బోర్డులు రాసే పెయింటర్. ఈ కోర్టు గుమ్మం మీది పేరు కూడా ఆయన చేతిరాతే. పదకొండు నెలల కిందట ఎవరో ఊరేగింపు కోసమంటే, గుడ్డ మీద ‘మా మాట వినండి’ అని రాసిచ్చాడు. రంగు ఆరకముందే జీపు వచ్చింది. వినమన్నందుకే అంత కోపం వచ్చినవాళ్లు నిజంగా వినాల్సివస్తే ఏమైపోయేవాళ్లో!

గుమాస్తా గొంతు తగ్గించాడు. “మా బాధ కూడా విను. మీ ఆయన జైల్లో లేడని రాద్దామంటే, ఆయన పక్కనే పడుకుని బయటికొచ్చినవాడి సాక్ష్యం పట్టుకొచ్చావు. ఉన్నాడని రాద్దామంటే తెచ్చి చూపించాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కొట్టేయడానికైనా ఒక కారణం రాయాలి కదమ్మా. అది లేకే నానుతోంది.”

“కారణాలకేం కరువు బాబూ? ఇన్నాళ్లూ వాయిదాకొకటి చెప్పలేదూ? ఏదో ఒకటి చూడమనండి. మీకు పుణ్యముంటుంది.”

గుమాస్తా నిట్టూర్చి ఫైలు తీసుకుని లోపలికెళ్లాడు. చాలాసేపటికి తిరిగొచ్చాడు. “సర్కారు లాయరుగారితో చెప్పాను. ఎవరికో ఫోన్ చేశారు. కారణం దొరుకుతుందన్నారు. గురువారం రా.”

రేపు రా, ఎల్లుండి రా అనడం ఆ కిటికీకి అలవాటే. కాని కాగితం ఇస్తామనడం ఇదే మొదటిసారి. తల్లి ఆ మంగళవారం ఇంటికి నడిచిరాలేదు, పరిగెత్తుకొచ్చింది.

బుధవారమంతా ఆమె మిషన్ మీద ఎవరివో పరదాలు కుడుతూనే ఉంది. కూతురు కమిటీకి ఉత్తరం శుభ్రంగా తిరగరాసింది. పెద్ద కోర్టు కాదన్న తారీఖు వేయడానికి మధ్యలో ఖాళీ వదిలింది.

“అక్షరాలు గుండ్రంగా రాయవే, మీ నాన్నలాగా. పరాయివాళ్లు చూసేది.”

“వాళ్లు వేరే భాషలోకి మార్చుకుని చదువుతారమ్మా.”

“అయితే మాత్రం?”

గురువారం వాళ్లని చూడగానే గుమాస్తా పక్కతలుపు తీశాడు. కుర్చీ వేశాడు. మంచినీళ్లు తెప్పించాడు. పదకొండు నెలల్లో ఆమెను కూర్చోమన్నవాడు లేడు ఆ కోర్టులో. పుణ్యం మాట బాగానే పనిచేసిందనుకుంది ఆమె.

“ఇక్కడ సంతకం పెట్టమ్మా,” అన్నాడు, రిజిస్టరులోకే చూస్తూ.

“మీ మేలు మర్చిపోను బాబూ. ఎలాగో కారణం దొరకబుచ్చుకున్నారు.”

అతను కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. వాళ్లు గుమ్మం దాటేదాకా తుడుస్తూనే ఉన్నాడు.

బయట మెట్ల మీద, భర్త రాసిన అక్షరాల కింద, ఆమె పగలబడి నవ్వింది. “కొట్టేశారే! మన అర్జీ కొట్టేశారు!” కేసు పోయినందుకు ఇంత సంబరపడే మనిషిని చూసి మెట్లెక్కేవాళ్లు పక్కకి తప్పుకున్నారు. ఆమె కాగితం మీది ముద్రను కళ్లకద్దుకుని కూతురి చేతికిచ్చింది.

“చదువు చదువు. ఉత్తరంలో తారీఖు వేసెయ్. ఈపూటే పోస్టు చేద్దాం. ఇంతకీ ఏం కారణం దొరికిందట?”

కూతురు గొంతు సవరించుకుని, బళ్లో చదివినట్టు గట్టిగా మొదలుపెట్టింది.

“‘అర్జీదారు భర్తను కోర్టు ముందు హాజరుపరచడం సాధ్యం కానందున ఈ అర్జీ కొట్టివేయడమైనది. కారణం: సదరు వ్యక్తి నిన్న, అనగా బుధవారం సాయంత్రం, జైలులో మరణించుట.’”