బ్రోకర్లు ఫోన్ చేయవద్దు

ఇల్లు అమ్మే మనిషి చొక్కా జేబులో ఒక పేపరు ముక్క ఉండేది. ఏజెంటు లేకుండా ఇల్లు అమ్మేవాళ్ళు తీసుకోవలసిన జాగ్రత్తలు అందులో పది ఉన్నాయి. అతను తొమ్మిది పాటించాడు.

గేటుకు బోర్డు కట్టలేదు. ప్రకటనలో ఇంటి నంబరు వేయలేదు. ఫోన్లో మాట్లాడాకే చెప్పేవాడు. పగటిపూటే చూపించేవాడు, అదీ పదకొండు నుంచి ఒంటిగంట వరకు. గోడల మీది ఫొటోలు తీసి మంచం కింద పెట్టేవాడు. ఇంట్లో ఎవరుంటారో, ఎంతమందో కొత్తవాళ్ళకు తెలియనివ్వకూడదని ఆ పేపర్లో ఉంది. చూసినవాళ్ళు వెళ్ళగానే ఏ మేకు ఫొటోను ఆ మేకుకే మళ్ళీ తగిలించేవాడు.

మొదటి జాగ్రత్త, ఇంట్లో ఒంటరిగా ఉండి చూపించవద్దని. అదొక్కటే అతని వల్ల కాలేదు.

మంగళవారం పదకొండుంపావుకు భార్యాభర్తలు వచ్చారు. ఆయన చేతిలో హెల్మెట్, ఆవిడ భుజానికి సంచీ. నచ్చితే ఇవాళే బయానా ఇస్తామని ముందే చెప్పారు. గుర్తింపు కార్డులు అడిగితే చూపించారు. వాళ్ళను ముందు నడవనిచ్చి అతను వెనక నడిచాడు. అదీ పేపర్లో ఉన్నదే.

హాల్లో ఆవిడ గోడకు అరచెయ్యి ఆనించి, చెమ్మ వస్తుందా అని అడిగింది. అక్కడ అతను కాస్త ఎక్కువే మాట్లాడాడు. పాత రంగు మొత్తం గీకి, రెండుసార్లు లప్పం పెట్టి, అది ఆరాకే ప్రైమరు కొట్టిన గోడ అన్నాడు. పదేళ్ళు దాని వంక చూడక్కర్లేదన్నాడు.

ఉక్కగా ఉంది, ఫ్యాను వెయ్యమంది ఆవిడ. అతను మూడు స్విచ్చులు నొక్కాక నాలుగోదానికి తిరిగింది.

"మా ఆయనా ఇంతే అన్నయ్యా. కాపురానికొచ్చి పదేళ్ళయింది, ఏ స్విచ్చు దేనికో ఇప్పటికీ తెలీదు."

ముగ్గురూ నవ్వారు.

పడకగదిలో గోడవారగా ఇనప్పెట్టె కనిపించింది. భర్త తలుపు గడియ పెట్టాడు. భార్య సంచీలోంచి సుత్తి తీసి, మంచినీళ్ళ గ్లాసు అందించినట్టు ఆయనకు అందించింది.

మొదటి దెబ్బ మోకాలి చిప్ప మీద పడింది. అతను కూలిపోయాడు. చేతిలోని ఫోను జారి మంచం కిందికి పోయింది. దాని సంగతి ఎవరికీ పట్టలేదు. లేపి కుర్చీలో కూలేసి, బట్టలారేసే తాడుతో చేతులూ కాళ్ళూ కుర్చీకి కట్టేశారు.

పెట్టె తాళంచెవి ఎక్కడని అడిగాడు భర్త. తెలియదన్నాడు అతను. రెండో దెబ్బకు ముక్కు చితికింది. ఇంట్లోవాళ్ళు ఎన్నింటికొస్తారని అడిగాడు భర్త.

"ఒకటిన్నరకు... అనుకుంటానండీ."

"తాళంచెవి ఎక్కడుందో తెలీదు. పెళ్ళాం ఎప్పుడొస్తుందో అనుకుంటాడట," అంది భార్య. "అన్నయ్యగారు ఈ ఇంట్లో కాపురముంటున్నారా, చుట్టపుచూపుగా వచ్చారా?"

ఆవిడ అతని కుడి అరచెయ్యి కుర్చీ చేతి మీద పరిచి పట్టుకుంది. భర్త చిటికెనవేలితో మొదలుపెట్టాడు. తర్వాత దాని పక్కది. అతను చొక్కా కాలరు పళ్ళ మధ్య పెట్టుకుని నమిలాడు. గొంతు దాటి కేక రానివ్వలేదు.

"ఎంత బుద్ధిమంతుడో చూడండి. పక్కింటివాళ్ళ నిద్ర కూడా చెడగొట్టడం లేదు."

మూడో వేలి మీద సుత్తి పెట్టగానే అతను ఉన్న నిజం చెప్పేశాడు. తల్లి మీద ఒట్టు పెట్టి, మొదటినుంచీ చెప్పాడు. భర్త సుత్తి పట్టుకుని భార్య వైపు చూశాడు.

"ఇంతకంటే మంచి అబద్ధం దొరకలేదా అన్నయ్యా?" అంది ఆవిడ.

మూడో వేలూ విరిగింది.

తాళంచెవి కోసం జేబులు వెతికితే పేపరు ముక్క దొరికింది. ఆవిడ మడత విప్పి పైవరుస చదివింది. ఎవరినో ఒకరిని తోడు పెట్టుకోవాల్సింది కదా అంది. ఆ మాటలో మాత్రం ఎగతాళి లేదు. అలమారాలో దొరికినవి సంచీలో నింపుకుని పన్నెండున్నరకు వెళ్ళిపోయారు. పోతూ పోతూ ఆవిడ హాల్లో ఫ్యాను ఆపింది.

అతను కుర్చీతో సహా పక్కకు ఒరిగి పడ్డాడు. పడ్డ చప్పుడుకు పక్కింటి పెద్దాయన ప్రహరీ అవతలి నుంచి పిలిచాడు.

"ఏమండీ, ఎవరున్నారు లోపల? ఏమైంది?"

అతను ఊపిరి బిగబట్టాడు. పెద్దాయన రెండోసారి పిలిచి, కాసేపు ఆగి, వెళ్ళిపోయాడు.

ఎడమచేతి కట్టు వదులు చేయడానికి చాలాసేపు పట్టింది. మంచం కింద, ఫొటోల పక్కన ఫోను ఉంది. పనిచేస్తోంది. వెలిగించి టైము చూశాడు. ఒంటిగంటా ఐదు. ఎవరికీ చేయకుండా జేబులో వేసుకున్నాడు.

ఎడమచేత్తో కుడిచేతి కట్టూ, ఒక కాలి ముడీ విప్పాడు. మోకాలు విరిగిన కాలి ముడి రాలేదు. ఆ కాలితో కుర్చీని ఈడ్చుకుంటూ హాల్లోకి పాకాడు. వంటగదీ, దాని వెనక తలుపూ పది అడుగుల దూరంలో ఉన్నాయి. ఒక్కో అడుగుకూ ఆగాడు. నేల మీద నెత్తుటి చార పడింది. నాలుగు అడుగులు మిగిలాయి.

గేటు చప్పుడైంది. వీధి తలుపులో తాళంచెవి తిరిగింది.

గుమ్మంలో నిలబడ్డ ఇంటావిడ చేతిసంచీ జారవిడిచి, తన కుర్చీకి కట్టేసి ఉన్న ఆ మనిషిని కాసేపటికి పోల్చుకుంది: మూడు నెలల కిందట ఈ గోడలన్నిటికీ రంగులు వేసి, తాళంచెవి తిరిగిచ్చి వెళ్ళిన పెయింటరు.