సూర్యుడిలో మచ్చ

“మధ్యలో పెద్ద నల్లమచ్చ ఉంది సార్!” అంది ఏడో తరగతి లాస్య.

జగ్గయ్యపేట బడి ఆవరణలో, తను తెచ్చిన సౌర తుఫాన్ల ప్రదర్శన బస్సు పక్కన, టెలిస్కోపు లోంచి తెల్లకాగితం మీద పడుతున్న సూర్యబింబాన్ని తిరుపతిరావు వంగి చూశాడు. ఉన్నవి అంచున రెండు చిన్న చుక్కలే.

“మధ్యలో ఏం లేదే!” అని కాగితం తీసేశాడు. “ఇప్పుడో?”

“ఇప్పుడు మీ మొహం మీదుంది సార్.”

పిల్లలంతా గొల్లున నవ్వారు. తిరుపతిరావు ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

“సూర్యుణ్ణి నేరుగా చూశావా తల్లీ?”

“పోయిన వారం మీరే వచ్చి, తుఫాన్లు పుట్టేది సూర్యుడి మచ్చల్లోనే అన్నారుగా! రోజూ మధ్యాహ్నం రెప్పవాల్చకుండా చూశా. మూడో రోజుకి కనిపించింది. అందరికంటే ముందు నాకే!”

నేరుగా చూడొద్దని ఆ రోజు చెప్పాడా? నందిగామ బడికి వెళ్ళే తొందరలో ఆ ఒక్క మాటే మరిచాడు. ఎండకి కాలిన కంటి లోపలి పొరకి మందు లేదని అతనికి తెలుసు.

లాస్య దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. “పుస్తకం తెరిస్తే అక్షరాల మీదికీ వస్తోంది సార్. ఇంక చూసింది చాలుగా, ఇది ఎట్టా పోద్ది?”

తిరుపతిరావు ఫోను తీశాడు.

“మీ అమ్మ నంబరు చెప్పమ్మా,” అన్నాడు.